సాక్షుల గదికి తాళం

ఎమ్మెల్యే ప్రేమమణికి పొద్దున్నే వచ్చే మొదటి ఫోను ఎవరినో ఒకరిని పోలీస్ స్టేషన్ నుంచి విడిపించమనే. బండితో గుద్దినవాడు, బస్తీలో తాగి కొట్టుకున్నవాడు, పక్కింటి మోటారు వైరు కోసేసినవాడు, అందరూ "మన పిల్లగాడే మేడం". చాయ్ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె ఎస్సైకి ఫోన్ కలుపుతుంది. "జెర చూడండి" అంటుంది. ఆ రెండు మాటలు అన్నాక తాగే చాయ్ ఆమెకు రుచించదు. పదిహేనేళ్ళు ప్రాసిక్యూటర్‌గా ఇలాంటివాళ్ళను లోపల వేయించిన మనిషి, ఇప్పుడు వాళ్ళనే బయటికి తీయించే పనిలో పడింది. ఇందుకోసమేనా ఉన్న ఉద్యోగానికి నీళ్ళు వదులుకున్నది అని రోజూ ఒకసారి అనుకుంటుంది, అనుకుని రెండో ఫోను ఎత్తుతుంది.

ఆమెకు కోపం ఎక్కువన్న సంగతి లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అందరికీ చిన్నప్పటి నుంచే ఎరుక. నల్లా దగ్గర వరుస తప్పి ఎవరైనా బిందె పెడితే ఆ బిందెను తీసి వెనక పెట్టేది. పెద్దా చిన్నా చూసేది కాదు. "ఈ పిల్ల వకీలన్న అయితది, లేకుంటే ఊరందరితోని తన్నులన్న తింటది" అనేది తల్లి హదస్సా. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురు రైల్వేలో గుమాస్తా అయితే చాలు, క్వార్టరు చేతిలోనే ఉంటుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పించి ఆమె లా చదివింది. కొన్నాళ్ళు ఒక పెద్ద వకీలు వెనక ఫైళ్ళు మోసింది. తర్వాత పరీక్ష రాసి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు, కోర్టు వాళ్ళ మాటల్లో ఏపీపీ, అయింది. సర్కారు తరఫున నిలబడి నేరం చేసినవాడికి శిక్ష పడేలా వాదించే ఉద్యోగం. నల్లా దగ్గర బిందెలు తీసే పిల్లకు అంతకంటే తగిన కొలువు ఇంకేం ఉంటుంది?

సికింద్రాబాద్‌లో ఆమె పనిచేసిన ఆ పాత కోర్టుకు గోడలు మందం, వరండా ఇరుకు. జడ్జికి పైన పెద్ద కుర్చీ. వకీళ్ళకు ముందు వరుసలో కుర్చీలు. బెంచ్ క్లర్కుకు కుర్చీ. సాక్షికి మాత్రం ఏమీ లేదు. సాక్షికి సమన్లు పంపుతారు, రాకపోతే వారెంటు పంపుతారు, వస్తే మాత్రం కూర్చోవడానికి జాగా చూపించరు. పొద్దున వచ్చి వరండాలో గోడకానుకుని నిలబడాలి. పేరు పిలిచేదాకా నిలబడాలి. సాయంత్రం వాయిదా వేస్తే ఇంటికి పోయి, తర్వాతి విచారణకు, అంటే ఇంకో పేషీకి, వచ్చి మళ్ళీ నిలబడాలి. ఏ మనిషి మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చారో ఆ మనిషి, అతని అన్నదమ్ములు, అతని దోస్తులు అదే వరండాలో భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఉంటారు. చట్టం రాసినవాడు ఎప్పుడైనా ఆ వరండాలో ఒక పూట నిలబడి ఉంటే బాగుండేదని ప్రేమమణి చాలాసార్లు అనుకుంది.

అక్బర్ బీ ఆ వరండాలోకే వచ్చింది. బొల్లారం మనిషి, టైలరింగ్ చేసి ఇల్లు నడిపిన తల్లి. ఒకనాడు కొడుకు తారిఖ్ స్కూటర్ వెనక కూర్చుని మార్కెట్ నుంచి వస్తుంటే కారొకటి అడ్డంగా వచ్చి గుద్దింది. తారిఖ్ అక్కడికక్కడే పోయాడు. కారు నడిపినవాడు ఒక బిల్డరు కొడుకు. కారు దిగి, కిందపడ్డ వాళ్ళను చూసి, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయాడు. అతని ముఖం చూసింది అక్బర్ బీ ఒక్కతే. కేసు మొత్తం ఆమె నోటి మాట మీద నిలబడింది.

ప్రేమమణి ఈ కేసు ఓడిపోనని అనుకుంది. అనుకోవడానికి కారణం ఉంది. అబద్ధం అవసరం లేని సాక్షి, కన్నకొడుకును పోగొట్టుకున్న తల్లి. కానీ పేషీలు వాయిదా పడుతూనే పోయాయి. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వకీళ్ళ సమ్మె, ఒకసారి ముద్దాయికి జ్వరం. అక్బర్ బీకి మోకాళ్ళ నొప్పులు. గోడ పట్టుకుని నిలబడేది. బిల్డరు తరఫున లాల్ అని ఒక మనిషి వచ్చేవాడు. కోర్టుల చుట్టూ తిరిగి బతికే రకం. ఎవరు పిలిస్తే వాళ్ళ పని చేసిపెడతాడు. బెదిరించడం అతని పద్ధతి కాదు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. రెండో పేషీ నాడు గేటు బయట చాయ్ బండి దగ్గర్నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "అమ్మీ, మోకాళ్ళు గుంజుతలేవా, కూసో" అన్నాడు. ఆ తర్వాత ప్రతి పేషీకీ కుర్చీ వచ్చేది, కుర్చీ వెంట చాయ్ వచ్చేది. ప్రేమమణి ఫైళ్ళు చంకన పెట్టుకుని ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు పరుగెత్తుతూ దాన్ని చూసింది. పోనీలే, ముసలామె కూర్చుంది కదా అనుకుంది.

చివరికి సాక్ష్యం రోజు వచ్చింది. బోనులో అక్బర్ బీ నిలబడింది. "ఆ రోజు కారు నడిపింది ఎవరు?" అని ప్రేమమణి అడిగింది.

"నేను చూడలే."

ప్రేమమణి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. అప్పుడు ప్రాసిక్యూటరు చేయవలసింది ఒక్కటే ఉంటుంది. జడ్జి అనుమతితో తన సాక్షిని తానే ప్రతికూల సాక్షిగా ప్రకటించి, శత్రువును అడిగినట్టు అడగాలి. ఆమె అడిగింది. "ముద్దాయి మనుషుల దగ్గర డబ్బు తీసుకుని, మీరు అబద్ధం చెబుతున్నారంటాను." అక్బర్ బీ తల అడ్డంగా ఊపింది. క్లర్కు టైపు చేసుకున్నాడు. బిల్డరు కొడుకు మీద కేసు కొట్టేశారు.

వరండాలో ప్రేమమణి ఆగలేకపోయింది. "సొంత కొడుకు గదమ్మా" అంది. అక్బర్ బీ చెప్పుల వైపు చూసింది.

"పైసలు తీసుకోలే బిడ్డా, ఖుదా కసమ్. కుర్చీ తీసుకున్న. ఇన్ని పేషీలకు వస్తి. పోలీసులు నిలవెట్టిండ్రు, జడ్జి సాబ్ నిలవెట్టిండు, నువ్వు సుత నిలవెట్టినవు. ఆ లాల్ ఒక్కడే నన్ను కూసోవెట్టిండు. ఆని కుర్చీల కూసొని, ఆని చాయ్ తాగి, ఆని మొకం మీద ఎట్ల చెప్పాలె చెప్పు."

ఆ కుర్చీ సర్కారు వేసి ఉంటే తారిఖ్ కేసు మరోలా ఉండేదన్న ఆలోచన ప్రేమమణిని పట్టుకుంది, వదలలేదు. సాక్షులకు ఒక గది కావాలని పైవాళ్ళకు రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. ఏపీపీలకు గదులు కట్టించే అధికారం ఉండదని ఒక అధికారి నవ్వుతూ చెప్పాడు. ఎవరికి ఉంటుందని అడిగితే "ఎమ్మెల్యే అవ్వండి మేడం" అన్నాడు. ఆయన వేళాకోళానికి అన్నాడు. ఆమె మనసులో పెట్టుకుంది.

గొలుసు దొంగల ముఠా ఒకదానికి ఆమె శిక్ష వేయించిన ఏడాది టీవీల్లో ఆమె ముఖం కనబడింది. ఒక పార్టీ వాళ్ళు ఇంటికి వచ్చారు. చదువుకున్న మహిళ, మచ్చలేని మనిషి, రైల్వే బస్తీల్లో పుట్టిన పిల్ల, ఇంకేం కావాలి? ఉద్యోగానికి రాజీనామా చేసి పోటీ చేసింది, ఓడిపోయింది. ఉద్యోగమూ పోయింది, ఎన్నికా పోయింది. అయిదేళ్ళు ప్రైవేటు ప్రాక్టీసు పేరుతో విడాకుల నోటీసులు రాసుకుంటూ, పార్టీ ఆఫీసులో వెనక వరుస కుర్చీలో కూర్చుంటూ గడిపింది. "నల్లా కాడనే నయముండె నీకు" అంది హదస్సా. రెండోసారి నిలబడి గెలిచింది.

గెలిపించింది కుర్చీ కథే. ప్రతి మీటింగులో చెప్పింది. పేరు చెప్పకుండా "ఒక తల్లి" అని మొదలుపెట్టేది. కొడుకు పోయిన తల్లి, మోకాళ్ళ నొప్పులు, ప్లాస్టిక్ కుర్చీ. జనం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "నన్ను గెలిపిస్తే మొదట ఆ గది కట్టిస్తా" అని ముగించేది. చప్పట్లు పడేవి. ఆ చప్పట్లు తనకు పడుతున్నాయా, అక్బర్ బీకి పడుతున్నాయా అని అప్పట్లో ఆమె ఆలోచించలేదు.

శాసనసభలో అడుగుపెట్టాక ఆమె చేసిన మొదటి పని ఆ గది గురించి ప్రశ్న వేయడం. కోర్టులో సాక్షిని అడిగినట్టే, తప్పించుకునే సందు లేకుండా రాసింది. సాక్షులకు ప్రత్యేక గదులు లేవన్నది వాస్తవమేనా? వాస్తవమైతే ఎప్పటిలోగా కట్టిస్తారు? జవాబు అచ్చయి వచ్చింది. మొదటిదానికి: ఈ అంశం న్యాయస్థానాల పరిధిలోనిది. రెండోదానికి: ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ కాగితం పట్టుకుని ఆమె మైకు కోసం లేచింది. అంతలోనే ఇంకెవరో ఇంకేదో కుంభకోణం అంటూ పోడియం దగ్గరికి పరుగెత్తారు, సభ వాయిదా పడింది. కోర్టులో వాయిదాలు చూసి విసిగి ఇక్కడికి వచ్చిన మనిషికి ఇక్కడ కూడా అవే. సొంత పార్టీ వాళ్ళు లాబీలో పక్కకు పిలిచి, మన సర్కారును మనమే బోనెక్కిస్తే ఎలాగని మెత్తగా చీవాట్లు పెట్టారు.

సరే, తన నియోజకవర్గ నిధి నుంచే కట్టిద్దామనుకుంది. జాగా కోర్టుది, అనుమతి వాళ్ళివ్వాలి. అనుమతి కోసం ఒక మెట్టు ఎక్కితే ఇంకో మెట్టు చూపించారు. ప్లాను మార్చమన్నారు, మార్చిన ప్లానులో కిటికీ ఎటువైపు అని అడిగారు. ప్రేమమణి ఆ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. బస్తీల్లో జనం డ్రైనేజీ గురించి అరుస్తుంటే, ఈమె కోర్టు గది పట్టుకుని వేలాడుతోందని పార్టీలో గొణిగారు. మూడేళ్ళు పట్టింది. చివరికి గది లేచింది. పెద్దదేమీ కాదు. వరండాకు దూరంగా, వెనక గోడ పక్కన, వేరే దారి. లోపల కుర్చీలు, ఫ్యాన్లు, పక్కన బాత్రూము. సున్నం తడి ఆరకముందే ఆమె పోయి ఒక కుర్చీలో కూర్చుని చూసింది. ఆ పూట ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు.

ఆ వారంలోనే అక్బర్ బీ ఆమె ఆఫీసుకు వచ్చింది. వెంట మనవరాలు, తారిఖ్ బిడ్డ గుల్నాజ్. తండ్రి పోయినప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

"మీ మీటింగులల్ల నా కుర్చీ ముచ్చట చెప్తుండ్రట" అంది అక్బర్ బీ. తిట్టినట్టు కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు అంది. ప్రేమమణి ముఖం ఎర్రబడింది. అక్బర్ బీ వచ్చింది అందుకు కాదు. బస్టాపులో ఒక కేబుల్ కాంట్రాక్టరు తమ్ముడు గుల్నాజ్ వెంటపడి, చెయ్యి పట్టి లాగి, కాదన్నందుకు చెంప మీద కొట్టాడు. పిల్ల ధైర్యంగా పోయి కేసు పెట్టింది. ఇప్పుడు సాక్ష్యానికి సమన్లు వచ్చాయి, పేషీ మూడు వారాల్లో.

"గది తయారైందని పేపర్ల చదివిన మేడం" అంది గుల్నాజ్. "నేను చెప్త. అన్నీ యాదికున్నయి. కానీ వాళ్ళందరు పొద్దుగాల నుంచి నా ముంగట నిలవడి చూస్తుంటే నాకు మాట రాదు. ఒక్కదాన్ని పోలేను, దాదీ రావాలె. దాదీ నిలవడలేదు. ఆ గది ఉంటది గద?"

"ఉంటది" అంది ప్రేమమణి. "నువ్వు ఆ గదిల కూసొని, ఆన్నుంచి సీదా బోనులకే పోతవు. వాళ్ళ మొకం సుత చూసే పని లేదు. నాది జిమ్మా." ఎమ్మెల్యే అయ్యాక ఆమె ఇచ్చిన మాటల్లో నిజంగా మనసుపెట్టి ఇచ్చింది అదే.

గురువారం ప్రారంభోత్సవం. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలి. రిబ్బను కత్తిరించనిదే గది గది కాదు. కాంట్రాక్టరు ఆఫీసుకు అప్పగించడు, ఆఫీసు కోర్టుకు అప్పగించదు. మంగళవారం సాయంత్రం ఆమె పీఏ విజయేందర్ ఫోన్ తెచ్చి ముందు పెట్టాడు. శిలాఫలకం ఫోటో వచ్చింది. నల్లరాయి, బంగారు అక్షరాలు. పైన మంత్రి పేరు. దాని కింద, అధ్యక్షత వహించువారు: హరికిషన్. అదే పార్టీలో ఒక కార్పొరేషన్ చైర్మన్, కిందటిసారి ఆమెకు రావలసిన టికెట్టును తనకు ఇప్పించుకోవాలని ఢిల్లీ దాకా పోయి వచ్చిన మనిషి. ప్రేమమణి పేరు అట్టడుగున ఉంది, విశిష్ట అతిథులలో ఒకరుగా.

"లోకల్ ఎమ్మెల్యేనే అధ్యక్షత వహించాలె మేడం, ప్రోటోకాల్" అన్నాడు విజయేందర్. "ఈ ఫోటో బయటికి పోతే మన పరువు పోతది. వచ్చేసారి టికెట్ ఆయనదే అంటరు."

ప్రేమమణికి ఒళ్ళు మండింది. ఈ గది కోసం మెట్లెక్కింది ఎవరు? మాటలు పడింది ఎవరు? హరికిషన్ ఒక్కసారైనా ఆ వరండా చూశాడా? ఆ కోపంలో న్యాయం ఉంది, కాదనలేం. కానీ నల్లా దగ్గర బిందె జరిపిన కోపం ఇది కాదు. అప్పుడు వరుస తప్పినందుకు కోపం, ఇప్పుడు తన పేరు కిందికి పోయినందుకు కోపం. ఆ తేడా ఆమెకు ఆ సాయంత్రం తెలియలేదు.

"రాయి మార్చమను" అంది. "మార్చేదాకా గది తెరిచేది లేదని చెప్పు."

"గురువారం లోపట కాదేమో మేడం."

"కాకుంటే సోమవారం. పేషీకి ఇంక టైమున్నది."

రాయి మీద పేర్లు చెక్కడం రెండు రోజుల పని అనుకుంది. కొత్త రాయికి వారం పట్టింది. మంత్రిగారి గురువారం పోయింది, ఆయన జిల్లాల పర్యటనకు వెళ్ళాడు, వచ్చాక సోమవారం ఇస్తానన్నాడు. ఆ సోమవారానికి ముందు శనివారం మధ్యాహ్నం శాసనమండలి ఎన్నికల ప్రకటన వెలువడింది. ఆ నిమిషం నుంచి ఎన్నికల కోడ్. కోడ్ ఉన్నన్నాళ్ళూ రిబ్బన్లు లేవు, శిలాఫలకాలు లేవు, ప్రారంభోత్సవాలు లేవు. గుల్నాజ్ పేషీ ఆ కోడ్ మధ్యలో పడింది.

ప్రేమమణి ఇంజనీరుకు ఫోన్ చేసింది. "ప్రారంభం కాకుంటే హ్యాండోవర్ కాదు మేడం. హ్యాండోవర్ కాకుంటే తాళం మా దగ్గర్నే ఉంటది" అన్నాడు. రిబ్బను లేకుండా ఊరికే తాళం తీయమంది. అది కూడా ప్రారంభం కిందికే వస్తుందేమోనని భయపడ్డాడు. ఎన్నికల అధికారిని అడిగింది. "కోడ్ కంటే ముందు తెరిచి ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయేది. ఇప్పుడైతే రాతపూర్వకంగా పంపండి, పైకి పంపి క్లారిటీ తీసుకుంటం" అన్నాడు మర్యాదగా. కోర్టు వాళ్ళను అడిగింది. తమ చేతికి రాని గదికి తాము బాధ్యులు కామన్నారు. ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు. అదే ఆమెను ఎక్కువ విసిగించింది. అబద్ధమాడే మనిషి దొరికితే ఏం చేయాలో ఆమెకు తెలుసు. అందరూ నిజమే చెబుతుంటే ఎవరిని నిలదీయాలి?

తాళం పగలగొడదామని ఒక పూట అనుకుంది. "కోడ్ ఉల్లంఘన కింద మీ మీదనే కేసైతది మేడం. హరికిషన్ సార్ దాని కోసమే చూస్తుండు" అన్నాడు విజయేందర్. ఆమె ఆగిపోయింది. చట్టం మీద గౌరవంతో ఆగానని తనకు తాను చెప్పుకుంది. పదవి పోతుందన్న భయంతోనే ఆగింది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

గుల్నాజ్‌కు ఫోన్ చేసి చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఈ రోజు క్లారిటీ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ రోజులు నెట్టింది. వాళ్ళు రెండుసార్లు ఆఫీసుకు ఫోన్ చేశారు. విజయేందరే ఏదో సర్దిచెప్పాడు. పేషీ నాటి దాకా క్లారిటీ రాలేదు.

ఆ రోజు పొద్దున ఆమె కారు గేటు బయటే ఆపించి, గన్‌మన్‌ను అక్కడే ఉండమని ఒక్కతే కోర్టు ఆవరణలోకి నడిచింది. ముందు వెనక గోడ వైపు పోయింది. సాక్షుల గదికి తాళం వేలాడుతోంది. కిటికీ అద్దంలోంచి చూసింది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. గోడకానించి కొత్త రాయి. మంత్రి పేరు కింద, అధ్యక్షత వహించువారు అన్న చోట, ఆమె పేరు.

అక్కడి నుంచి వరండాలోకి వచ్చింది. గుల్నాజ్ గోడకానుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఆ కేబుల్ కాంట్రాక్టరు తమ్ముడు, అతని వెంట మరికొందరు, తీరిగ్గా పల్లీలు నములుతూ. అక్బర్ బీ మాత్రం కూర్చుని ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో. కుర్చీ పక్కన లాల్. జుట్టుకు గోరింటాకు పెట్టాడు, కాస్త వంగాడు, మనిషి మాత్రం అదే మర్యాద. అక్బర్ బీ నీళ్ళ సీసా అతని చేతిలో ఉంది.

"నమస్తే మేడం" అన్నాడు లాల్. "అమ్మీ పాపం నిలవడలేకపోతుంది. నేనే తెచ్చి వేసిన."

తను ఏం చేయాలి? ముసలామెను లేపాలా? లేపి ఎక్కడ కూర్చోబెట్టాలి? ప్రేమమణి గేటు బయట ఉన్న గన్‌మన్‌కు ఫోన్ చేసి చాయ్ బండి దగ్గరికి పంపింది. బండివాడి దగ్గర ఉన్నది ఒకటే కుర్చీ, అది ఇప్పటికే ఇక్కడుంది. ఆమె గుల్నాజ్ పక్కన గోడకానుకుని నిలబడింది. గుల్నాజ్ ఆమెను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. గది సంగతి అడిగితే బాగుండేది. ఎండ వరండా మెట్ల దాకా వచ్చింది. ఒక్కో పేరూ పిలుస్తున్నారు. లాల్ అక్బర్ బీకి చాయ్ తెచ్చిచ్చాడు. ఆమె కళ్ళు దించుకుని అందుకుంది.

మధ్యాహ్నం అవుతుండగా గుల్నాజ్ పేరు పిలిచారు. ప్రేమమణి లోపలికి పోయి ఆఖరి బల్ల మీద కూర్చుంది. ఇప్పుడక్కడ ఏపీపీ సృజన అనే అమ్మాయి. చంకలో ఫైళ్ళు, కళ్ళలో నిద్రలేమి, ప్రేమమణి ఒకప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. గుల్నాజ్ బోనెక్కింది. బస్టాపు చెప్పింది. సాయంత్రం చెప్పింది. చెయ్యి ఎలా లాగాడో, ఏం అన్నాడో, ఎక్కడ కొట్టాడో అన్నీ తడబడకుండా చెప్పింది. ప్రేమమణి గుండె కుదుటపడింది. ఈ పిల్ల గది లేకపోయినా గెలిచింది అనుకుంది.

"ఆ మనిషి ఈ కోర్టులో ఉన్నాడా? చూసి చెప్పండి" అంది సృజన.

గుల్నాజ్ ముద్దాయి వైపు చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. బోనులోంచి వరండా కనబడుతుంది. వరండాలో ఆమె దాదీ, ముద్దాయి మనుషులు వేయించిన కుర్చీలో కూర్చుని వాళ్ళ చాయ్ తాగుతోంది. లాల్ ఆమె మీదికి వంగి ఏదో చెబుతున్నాడు.

"గుర్తుపట్టలేను మేడం" అంది గుల్నాజ్.

సృజన రెండోసారి అడిగింది. తర్వాత జడ్జి వైపు తిరిగి, సాక్షిని ప్రతికూల సాక్షిగా ప్రకటించడానికి అనుమతి కోరింది. ఆ మాటలు ప్రేమమణికి కంఠతా వచ్చు. తర్వాత ఏ ప్రశ్న వస్తుందో కూడా తెలుసు. డబ్బు తీసుకుని అబద్ధం చెబుతున్నారంటాను అన్న ఆ ప్రశ్న తన చెవిన పడకముందే లేచి బయటికి వచ్చేసింది.

కాసేపటికి గుల్నాజ్ వచ్చి దాదీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని మోకాళ్ళలో ముఖం పెట్టుకుంది. అక్బర్ బీ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"పిల్లను ఏమనకు బిడ్డా" అంది ప్రేమమణితో. "కుర్చీల కూసున్నది నేను."

ప్రేమమణి కోపానికి అలవాటుపడ్డ మనిషి. ఎప్పుడూ ఎదుట ఎవరో ఒకరుండేవారు. అధికారి, మంత్రి, లాల్, హరికిషన్. ఇప్పుడు వెతికితే ఎవరూ కనబడలేదు. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది.

"మీ ఆఫీసాయన ఫోన్ల చెప్పిండు" అంది అక్బర్ బీ. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడుగుతోంది. "రాయి మీద మేడం పేరు సక్కగ లేదు, మార్పిస్తున్నం, అందుకే గది ఆగిందని. ఇప్పుడు సక్కగ వచ్చిందా బిడ్డా, నీ పేరు?"

"వచ్చిందమ్మా" అంది ప్రేమమణి. "పెద్ద అక్షరాల్ల వచ్చింది."

"మంచిగైంది" అంది అక్బర్ బీ, మనవరాలి భుజం పట్టుకుని లేస్తూ. చాయ్ బండివాడు కేకేయడంతో లాల్ వచ్చి ఖాళీ కుర్చీ తీసుకుపోయాడు.